వద్దని రాయనోళ్ళంతా ఇచ్చినట్టే

మా ఊళ్ళో నా మాట ఎవరూ నమ్మరు. ఈ పేరు ఊరికే రాలేదు, చిన్నప్పటి నుంచి కష్టపడి సంపాదించుకున్నాను. ఏడో తరగతిలో ఉండగా, ఆ రోజు బయ్యారం బస్సుకు టిక్కెట్టు కొనక్కర్లేదని ఒక్కరికంటే ఒక్కరికే చెవిలో చెప్పాను. గంట గడిచేసరికి సగం ఊరు సద్దిమూటలతో రోడ్డు మీద ఉంది. కండక్టరు దిగి దండం పెట్టాడు. అప్పటి నుంచి నేను వానొస్తోందంటే జనం ఆకాశం వైపు చూడరు, నా మొహం చూస్తారు.

ఆ పేరు ఒకనాడు ఒక మనిషి చూపుకు అడ్డం పడుతుందని మాత్రం అప్పుడు తెలియదు.

డిగ్రీ మహబూబాబాద్‌లో చదివాను. మేం మానుకోట అనేవాళ్ళం. హాస్టల్లో నా గదిలో ఉన్నవాడు టేకుమట్ల దిక్కు నుంచి వచ్చాడు. చిన్నప్పుడు వరికోతల్లో కుడికంట్లో కంకి గుచ్చుకుంటే, ఇంటివాళ్ళు ఏదో పసరు పోశారు. దాంతో పువ్వు పడింది. నల్లగుడ్డు మీద గోరంత తెల్లటి మచ్చ, దాని వెనక ఏమీ లేదు, చీకటే. ఎడమకన్ను పుట్టుకతోనే బలహీనం. వాడు పుస్తకాన్ని చదివేవాడు కాదు, వాసన చూసేవాడు. ముక్కు పేజీకి ఆనించి, వరస చివరికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. సిరా ఆరని నోట్సు చదివిన రోజు ముక్కు నీలంగా ఉండేది.

ఆ యేడు వరంగల్ నుంచి ఒక కండ్ల డాక్టరు మా కాలేజీకి వచ్చాడు. మనిషి పోయిన ఆరు గంటల లోపల కన్ను తీసుకుంటే, దాని మీది అద్దంలాంటి పొరను ఇంకొకరికి కుట్టొచ్చని చెప్పాడు. మావాడి కన్ను టార్చి వేసి చూసి, “పొర దొరికితే గీ కన్నుకు చూపొస్తది. దొరక్కపోతే రెండోది ఇంకో రెండు మూడేండ్లు మోస్తదేమో” అన్నాడు. అంటే డిగ్రీ వరకూ పుస్తకం వాసన చూడొచ్చు, ఆ తర్వాత అదీ లేదు. డాక్టరు ఒప్పుకోలు కాగితాలు పంచాడు. అందరం శ్రద్ధగా తీసుకున్నాం. మధ్యాహ్నానికి ఆ కాగితాల్లో చాలామటుకు మిర్చిబజ్జీల నూనె పీల్చాయి.

మావాళ్ళ అభిప్రాయాలు తలా ఒక తీరు. ఒకడు, “ఇప్పుడిస్తే మల్ల జన్మల గుడ్డోనిగ పుడత” అన్నాడు. ఈ జన్మలో పరీక్షలు రెండుసార్లు తప్పినవాడు, వచ్చే జన్మ గురించి అంత ముందుచూపు. ఇంకొకడు నాయినను అడిగి చెప్తానన్నాడు. ఇంకొకడు, “సర్టిఫికెట్ ఇస్తరా సార్?” అన్నాడు.

నేనేం చేశాను? పోటీకి పోయాను. జనగామలో కాలేజీల మధ్య ఉపన్యాసాల పోటీ పెట్టారు. వేరే దేశాల్లో ఒక చట్టం ఉందట, బతికుండగా వద్దని చెప్పనివాళ్ళంతా ఒప్పుకున్నట్టే లెక్కట. అది మనకు మంచిదా కాదా అన్నది విషయం. మంచిదని నేను మాట్లాడాను. “మా ఊళ్ళె టముకేసి, రేపు చెర్ల చేపలు పడ్తరు, అభ్యంతరమున్నోళ్ళు పొద్దుగాల వచ్చి చెప్పాలె అంటరు. ఎవ్వలు రారు. చేపలు పడ్తరు. చేపలకు పనికొచ్చిన చట్టం కండ్లకెందుకు పనికిరాదు?” అన్నాను. చప్పట్లు మోగాయి.

నాకు ఎదురు మాట్లాడిన అమ్మాయి మా కాలేజీదే. ఆమె ఒక్కటే అడిగింది. “నేను సిన్మకు పోవాల్నంటే ఇంట్ల నలుగుర్ని అడగాలె. నా కండ్లు తీస్కపోను నన్ను ఒక్కదాన్ని అడగరా?”

నేను మళ్ళీ చేపల మాటే ఎత్తుకున్నాను. వాటి మీద నవ్వు ఇంకా ఆగకపోవడంతో మొదటి బహుమతి నాకే వచ్చింది, ఒక స్టీలు టిఫిను డబ్బా.

ఆ డబ్బా ఊపులో హాస్టలు మెస్సు గోడకు ఒక నోటీసు అంటించాను. ‘హాస్టలు విద్యార్థులందరికీ తెలియజేయునది. ఆదివారం లోపల వద్దని ఇక్కడ పేరు రాయనోళ్ళంతా తమ రెండు కండ్లూ ఇచ్చినట్టే.’ కింద వార్డెను సంతకం లాంటిది ఒకటి గీశాను. నా ఉద్దేశం ఒక పూట నవ్వుకుందామనే.

జనం భోజనాల వరసలో కూడా అంత క్రమశిక్షణతో నిలబడటం నేను చూడలేదు. సాయంత్రానికి కాగితం నిండి, గోడ మీద రాయడం మొదలుపెట్టారు. ఇంటికి ఎన్నడూ ఉత్తరం రాయనివాళ్ళు రాశారు. కొందరు రెండుసార్లు రాశారు, కంటికి ఒకసారి చొప్పున.

అందరూ పోయాక మావాడు వచ్చి గోడకు ముక్కు ఆనించి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరూ చదివాడు. తనతో పాటు రోజూ తిన్నవాళ్ళవి, తను లెక్కలు చెప్పినవాళ్ళవి. చివరికి వచ్చి నా వైపు తిరిగాడు.

“అరే, నీ పేరు లేదేందిరా?”

“నేనెందుకు రాస్త? చట్టం పెట్టిందే నేనాయె.”

“అయితే డాక్టరిచ్చిన కాయితం మీద సంతకం పెట్టినవా?”

పెట్టలేదు. నా కాగితం కూడా బజ్జీలకే పోయింది. వాడు సున్నం అంటిన ముక్కు తుడుచుకుని గదికి పోయాడు.

నోటీసు సంగతి మూడు రోజుల్లో మా ఊరు చేరింది. చేరేటప్పటికి అది ‘మానుకోట కాలేజీల పోరగాండ్ల కండ్లు తీస్తున్నరు’ అయింది. నాలుగో రోజు పొద్దున మొదటి బస్సుకు మా అవ్వ దిగింది. మా నాయిన తల్లి. హాస్టలు గేటు దగ్గరే నా గడ్డం పట్టుకుని, అంగడిలో మేకను చూసినట్టు రెండు రెప్పలూ పైకి ఎత్తి చూసింది. ఉన్నాయని నమ్మకం కుదిరాక వీపు మీద ఒకటి చరిచింది.

“ఎవడ్రా తీస్తనన్నది?”

“ఎవ్వలు తియ్యరవ్వ. నేనే రాసిన, నవ్వులకు.” చట్టం గురించి, చేపల గురించి మొత్తం చెప్పాను.

అవ్వ విన్నది. “అడగకుంట తీసుకుంటే మా దిక్కు దొంగతనమంటర్రా. దానికి డబ్బ గూడ ఇచ్చిండ్రా?” అంది. అంతలో ఆమె కళ్ళు మావాడి మీద పడ్డాయి. వాడు మెస్సులో ఆ రోజు కూర ఏమిటో పలక మీద చదువుతున్నాడు, ముక్కుతో. “గా పిలగాడేంది, పలకను నాకుతుండు?”

చెప్పాను. అవ్వ వాడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“నువ్వు ఎవరినన్న అడిగినవా బిడ్డా?”

“ఎట్ల అడుగుతనవ్వ? సచ్చినంక నీ కండ్లియ్యి అని అడుగుతరా ఎవరినన్న?”

“ఎందుకడగరు? నేనేమన్న ఉండిపోయేదాన్నా? అడుగు నన్ను.”

వాడు నేల చూస్తూ అన్నాడు. “అవ్వా, నువ్వు పోయినంక… నీ కండ్లిస్తవా?”

“ఇస్త. గింతే గదా. దీనికి ఇంత పరేషానెందుకు?”

డాక్టరు వదిలిపోయిన కాగితాల్లో నూనె అంటనిది ఒకటి వెతికి తెచ్చాను. అవ్వ వేలిముద్ర వేసింది. పక్కన నా కాగితం లేకపోవడం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే నా కోసం ఇంకో కాగితం తెచ్చుకుని సంతకం పెట్టాను. పెద్ద మార్పేమీ రాలేదు నాలో. అవ్వ చూస్తోంది, అంతే.

చిక్కేమిటంటే, మా అవ్వ ఇవ్వగలదు కానీ పోవాలి కదా. ఆమెకు డెబ్బై దాటినా రోజూ బర్రె వెనక రెండు మైళ్ళు నడిచేది. మావాడు సెలవులకు మా ఊరొచ్చినప్పుడల్లా, “ఏం బిడ్డా, తయారైనయా అని చూడొచ్చినవా? ఇంక పండలేదు” అనేది. వాడు సిగ్గుతో చచ్చేవాడు. అందుకని ఆమే ఒక ఉపాయం చేసింది. ఊళ్ళో తన ఈడువాళ్ళందరినీ అడగడం మొదలుపెట్టింది. చిల్లులగంటె అరువడిగినంత మామూలుగా అడిగేది. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు, ఇద్దరు ముగ్గురు ఇస్తామన్నారు. అడగనిది ఒక్క పటేలును.

పటేలుకూ మా అవ్వకూ మాటల్లేవు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమమప్పుడు నేను మూడో తరగతి. మాకు ఉద్యమమంటే నెలల తరబడి బడి లేకపోవడం. ఊరంతా ఒక్క మాట మీద నిలబడ్డ ఆ యేడే మా బర్రె పటేలు మక్కచేన్లో పడింది. పటేలు దాన్ని బందెలదొడ్డిలో కట్టేయించాడు. దారి తప్పిన పశువులకు అది జైలు. అవ్వ పోయి విడిపించుకుని వస్తూ, ఇక ఆ మనిషితో మాట్లాడితే తన పేరు మార్చమంది. పన్నెండేళ్ళు మాట్లాడలేదు. ఎదురుపడితే మధ్యలో ఎవరో ఒకరిని పెట్టుకుని, “చెప్పురా ఆయనకు” అనేది. ఆయనా, “చెప్పురా ఆమెకు” అనేవాడు. ఎవరూ లేకపోతే ఇద్దరూ కుక్కకు చెప్పేవాళ్ళు.

సంక్రాంతి పోయాక ఒక ఆదివారం అవ్వ నన్ను వెంటబెట్టుకుని పటేలు వాకిట్లోకి పోయింది. పటేలు నులకమంచం మీద చుట్ట కాలుస్తున్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు, అంతా పొలానికి పోయారు.

“అడుగురా ఆయనను, సచ్చినంక కండ్లిస్తడా అని.”

పటేలు నన్ను చూశాడు. “గామె ఇచ్చిందా అని అడుగు.”

“ఏలుముద్రేసిన అని చెప్పు.”

“ఒకటా, రెండా?”

“రెండు అని చెప్పు.”

పటేలు చుట్ట మంచంకోడుకు నలిపాడు. “అయితే నావి గూడ రెండు. గామె కన్న ఒకటి తక్కువిచ్చిండు పటేలు అనిపించుకోను. చెప్పు పో.”

నేను కాగితం తీశాను. ఆయన దాన్ని ఈగను తోలినట్టు తోలేశాడు. “కాయితమా? నా మాటకు కాయితమడిగినోడు గీ ఊళ్ళె ఇంక పుట్టలె.”

మడిచి జేబులో పెట్టుకున్నాను. పటేలు మాటకు ఎదురు చెప్పే అలవాటు ఊళ్ళో ఎవరికీ లేదు, నాకూ లేదు. అదే తప్పయింది.

ఎండాకాలం సెలవుల్లో, ఒకరోజు పాలు పిండే వేళకు, పటేలు పోయాడు. మంచం మీద లేచి కూర్చుని, నీళ్ళు తెమ్మని, అవి వచ్చే లోపల ఒరిగిపోయాడు. కబురు వినగానే మా అవ్వ పాలచెంబు కింద పెట్టి, “అరే, లెవ్వు. సైకిల్ తియ్” అంది.

ముందు ఇంటివాళ్ళను అడగాలి. నేను అడగకుండానే బయ్యారం పోయి, రైసుమిల్లు ఫోను నుంచి డాక్టరుకు చెప్పేశాను. జనగామ ఉపన్యాసం నాటి అలవాటు. ఆయన బయలుదేరుతున్నానని, అప్పటిదాకా రెప్పలు మూసి తడిబట్ట వేసి ఉంచమని చెప్పాడు. తిరిగి వచ్చేసరికి రెండు గంటలు అయిపోయాయి.

పటేలు వాకిలి నిండా జనం. శవం తల దగ్గర మా అవ్వ కూర్చుని, చల్లటి తడిబట్ట ఆయన కళ్ళ మీద మారుస్తూ ఉంది. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. జ్వరమొచ్చిన వాళ్ళకు వేస్తాం కదా అని వేసిందట. పగ మరిచి ఏడుస్తోందని ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు. ఆమె ఏడవడం లేదు. ఈగల్ని తిడుతోంది.

పటేలు పెద్దకొడుకు యాభై యేళ్ళ మనిషి, ఊరికి సర్పంచి. ఆయన ముందుకు పోయి నిలబడ్డాను. “పెద్దబాపూ, పటేలు తన కండ్లిస్తనన్నడు. డాక్టరు వస్తున్నడు.”

గుంపులో ఎవరో, “కండ్లు లేకుంట పోతే పైన తొవ్వ ఎట్ల కనవడ్తది?” అన్నారు. ఇంకొకరు, “సావింట్ల గివేం మాటలు?” అన్నారు.

ఆయన చెయ్యెత్తి అందరినీ ఆపాడు. “ఎవరి ముంగట అన్నడు?”

“నా ముంగట.”

“కాయితమున్నదా?”

“వద్దన్నడు. నా మాటే కాయితమన్నడు.”

వెనక నుంచి ఒక గొంతు. “బస్సుకు టిక్కెట్ లేదన్నది గూడ గీడే.”

చావింట్లో నవ్వు. నేను ఎన్నో చోట్ల జనాన్ని నవ్వించాను గానీ, ఆ నవ్వు ఆపడానికి ఏమైనా ఇచ్చేవాడినేమో. టేకుమట్లలో మావాడు ఆ నిమిషంలో ఏ కాగితానికో ముక్కు ఆనించి ఉంటాడు. వాడి చూపు నా మాట మీద ఆధారపడి ఉంది. మా ఊళ్ళో చిల్లిగవ్వ చెయ్యని మాట అదొక్కటే.

పెద్దబాపు నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. “నిజం చెప్పు బిడ్డా. ఇయ్యాల పరాచికాలద్దు. మా నాయిన అన్నడా?”

“అన్నడు పెద్దబాపూ. ఇయ్యుమని మిమ్ములను నేను అడుగుతున్న.”

ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. నమ్మాలనే ఉంది, కుదరడం లేదు. తప్పు ఆయనది కాదు.

అప్పుడు అవ్వ లేచింది. తడిబట్ట పక్కకు తీసింది. పన్నెండేళ్ళలో మొదటిసారి, మధ్యలో ఎవరూ లేకుండా, కుక్క కూడా లేకుండా, నేరుగా పిలిచింది.

“పటేలా!”

అవ్వ ఆయన మొహం మీదికి వంగింది.

“నేనడిగిన. నువ్వు రెండిస్తనన్నవు. అనకపోతే లేచి చెప్పు.”

కొట్టంలో ఎద్దు మెడగంట ఒకసారి మోగింది. అంతే.

“అద్దంటే గిప్పుడే చెప్పు. నేను ఇంకో పన్నెండేండ్లు ఆగలేను.”

పటేలు ఏమీ అనలేదు. నేను జనగామలో అరగంట పొగిడిన చట్టం నిజంగా పని చేయడం నా జన్మలో ఆ ఒక్కసారే చూశాను. ముందు అడగడమన్నది అందులో ఉండాలని కూడా అప్పుడే తెలిసింది.

పెద్దబాపు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాం. తువ్వాలు తీస్తే నవ్వుతున్నాడు, కళ్ళ నిండా నీళ్ళు. “మా నాయినతోటి మాట్లాడనని ఒట్టేసిన మనిషి ఒట్టు తీసి మాట్లాడింది. అబద్ధానికైతే ఎందుకు తీస్తది? రమ్మను డాక్టరును.”

అయిదో గంటలో జీపు వచ్చింది. దుమ్ములో తెల్లబడి దిగిన డాక్టరును చూసి ఆడవాళ్ళు ఇంకో చుట్టమనుకుని శోకం ఎత్తుకున్నారు. ఆయన కంగారుపడి తనూ రెండు చేతులూ జోడించాడు. పెద్దబాపు కాగితం మీద సంతకం పెట్టి, తనే లోపల నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. పని అరగంటలో అయిపోయింది. శవాన్ని బయటికి తెచ్చాక జనం ముందుగా చూసింది మొహమే. ఏమీ మారలేదు. ఎవరి బర్రెనో బందెలదొడ్డికి పంపుతున్నట్టే ఉంది. పైన తొవ్వ గురించి అడిగిన మనిషి కూడా పాడె పట్టాడు.

నేను మళ్ళీ సైకిలెక్కి బయ్యారం పోయి టేకుమట్లకు తంతి కొట్టాను, ‘వెంటనే వరంగల్ రా’ అని. తంతి అంటే చావు వార్తే అనుకుంటారు కదా, వాళ్ళింట్లో విప్పకుండానే ఏడుపు మొదలుపెట్టారట. అందరూ ఒక విడత ఏడ్చాక మావాడే ముక్కుతో చదివి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్సు పట్టుకున్నాడు. మర్నాడు ఆపరేషను. రెండో కన్ను జనగామ దిక్కు ఒక ఆడమనిషికి వేశామని డాక్టరు చెప్పాడు.

కట్లు, చుక్కలు, నల్లద్దాలు అన్నీ అయ్యి, కాలేజీ తెరిచిన కొన్ని వారాలకు మావాడు క్లాసులో మొదటి బెంచీ నుంచి లేచి, నడిచి నడిచి చివరి బెంచీలో కూర్చున్నాడు. బోర్డు మీది లెక్క అక్కడి నుంచి గట్టిగా చదివాడు. ఒక్క అంకె తప్పు పోలేదు. క్లాసంతా బల్లలు చరిచింది. సారు కూడా ఆపలేదు. ఆ చప్పట్లలోనే వాడు నా వైపు ఒరిగి, “అరే, సారు మీసాలకు రంగేస్తడారా?” అన్నాడు. రెండేళ్ళుగా మేమందరం దాచిన రహస్యం అది.

ఆ వారం కాలేజీ గోడ మీద వాడు ఒక కాగితం అంటించాడు. ముక్కు ఆనించకుండా, నిటారుగా నిలబడి రాశాడు. ‘పోయినంక కండ్లిస్తమన్నోళ్ళు పేరు రాయుండ్రి. అడుగుతున్న.’ మొదటి పేరు నాతో జనగామలో వాదించిన అమ్మాయిది. “అడిగిండ్రు గదా” అంది నన్ను చూసి. ఆ తర్వాత హాస్టలు వాళ్ళు వరస కట్టారు. మెస్సు గోడ మీద రెండుసార్లు వద్దని రాసినవాడు ఇక్కడా రెండుసార్లు రాశాడు. నా టిఫిను డబ్బా ఆ అమ్మాయికి ఇచ్చేశాను. ఆమె మూత సరిగ్గా పట్టడం లేదని తిప్పి పంపింది.

దసరాకు మావాడు మా ఊరొచ్చాడు. పెద్దబాపు వాడిని ఇంటికి పిలిచి, కోడిని కోయించి, తినేదాకా ఎదురుగా కూర్చుని కుడికన్ను వైపే చూశాడు. లేచేటప్పుడు, “పైలంగ చూసుకో బిడ్డా” అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు.

తర్వాత మా ఇంటికొచ్చాం. అవ్వ బర్రెకు గడ్డి వేస్తోంది. బందెలదొడ్డిలో పడ్డ బర్రెకు ఇది మనవరాలు. మావాడు పోయి ఆమె కాళ్ళకు మొక్కాడు. అవ్వ వాడి గడ్డం పట్టుకుని రెండు రెప్పలూ ఎత్తి చూసింది. ఎడమకన్ను వైపు తిరిగి, “తిన్నవా బిడ్డా, మంచిగున్నవా?” అని ప్రేమగా అడిగింది. కుడికన్ను దగ్గరికి వచ్చేసరికి మొహం బిగించింది. నన్ను పిలిచింది.

“చెప్పురా ఆయనకు, నా బర్రె దిక్కు చూడొద్దని.”

మావాడు ఎడమకన్ను చేత్తో మూసుకున్నాడు. కుడికంటితో బర్రెను కొమ్ముల నుంచి తోక దాకా తీరిగ్గా చూశాడు. తర్వాత నా వైపు తిరిగి అన్నాడు.

“చెప్పురా ఆమెకు, బక్కగున్నది, జర గడ్డి ఎక్కువెయ్యుమని.”

అవ్వ ఇంకో మోపు వేసింది.